కుక్క కరిచిన చేతికి మన సబ్బు

తారీఖు తొమ్మిది. ఇవాళ రెండు బకెట్ల బట్టలు ఉతికాను, బియ్యం ఏరాను, అమ్మాయి తెల్లకోటుకు ఊడిన బొత్తాలు కుట్టాను.

ఏమండీ, ఇద్దరం క్షేమం. ఒళ్లు మండి రాస్తున్నాను. పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల మీద అమ్మాయి చదువుతోందని మేం అద్దెకున్న ఇంటావిడకు ఇప్పుడు తెలిసిందట. "రోగాలు మోసుకొచ్చే పిల్ల నా ఇంట్లో వద్దు. ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యండి" అంది. పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. ఆవిడ కుక్కేమో ఆవిడ కంచంలోనే తింటుంది, దానికి ఇంతవరకూ టీకా లేదు. మమ్మల్ని ఖాళీ చెయ్యమంటూనే తింటున్న కుక్కను పక్కకు తోసింది. అది ఆవిడ చెయ్యి కరిచింది.

"గుడ్డ కట్టండి" అని ఆవిడ ఒకటే గోల. "గుడ్డ తర్వాత, పిన్నిగారూ, ముందు సబ్బు" అని అమ్మాయి ఆ చేతిని కుళాయి కింద పెట్టి పావుగంట కడిగింది. మన కొత్త సబ్బు సగం అరిగింది. అప్పుడు కూడా ఆవిడ గది మాట వదల్లేదు. "గది సంగతి ఒకటో తారీఖున చూద్దాం, సూది మాత్రం ఇవాళే" అని అమ్మాయే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

మీరు కూడా "ఆ చదువు మానేసి రమ్మను" అని మళ్లీ రాయకండి. వంటింటి కుళాయి బాగు చేయించారా? అమ్మాయి ఉన్ని శాలువా పంపండి. అత్తయ్యగారికి నమస్కారాలు, చిన్నాడికి ముద్దులు.

ఇది రాస్తుండగా ఇంటావిడ వచ్చింది. "పరీక్షలయ్యేదాకా ఉండండి" అని గుమ్మంలోంచే చెప్పి, కొత్త సబ్బు ఇచ్చి వెళ్లింది. తప్పయిందన్న మాట నోట రాలేదు. సబ్బు బాకీ మాత్రం తీరిందని పద్దులో రాసుకున్నాను.