గూడ్సుబండి లేని గది

కిరణ్మయి తల్లికి, ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ నీ పాస్టరు మావయ్య రాసేది.

మీ యూనివర్సిటీ రికార్డింగు గదిలో నా ప్రసంగం చప్పగా వచ్చిందనీ, ఇందులో రాగమెక్కడుందని మీ మేడం అడిగారనీ దిగులుపడకు. "ఏటి మావయ్యా, మందిరంలో కురిసే నిప్పులు ఏటైపోనాయి?" అని నువ్వడిగితే, బైబిలు చంకన పెట్టుకుని బండెక్కేశాను. ఇంటికొచ్చాక కారణం తెలిసింది. మన మందిరం వెనక గూడ్సుబండి వెళ్తుంటే దాన్ని మించాలనే గొంతెత్తుతాను. నువ్వు చెప్పే రాగం అక్కడే పుడుతుంది. అంత నిశ్శబ్దంలో నేనెవరితో పోటీపడను?

ప్రసంగాల్లో రాగం మీద నీ ఎం.ఏ. సంగీతం పరిశోధన ఆగకూడదు. ఆదివారం రికార్డింగు మిషను పట్టుకుని ఖరగ్‌పూర్ రా. ఆరాధనకు రానివాళ్ల మీద ప్రసంగం సిద్ధం చేశాను. మొదటి పేరు నీదే. తిడుతున్నానని మిషను ఆపేయకు తల్లీ, గూడ్సు వచ్చేదాకా ఉండు.

నీ మావయ్య