ముందే తీసేసిన వీడ్కోలు

1957 జనవరి 14, సోమవారం

షెడ్యూల్ బోర్డు పూర్తయింది. బయటివాళ్లు ఏమనుకున్నా, రంగు అట్టముక్కలు అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చోవడమే నిర్మాత ఉద్యోగం. రైల్వేవాళ్లు స్టేషన్ ఈ నెలలో ఒక్క ఆదివారమే ఇస్తామన్నారు, ఆ తర్వాత కుదరదట. అందుకని తల్లి కొడుకును సాగనంపే ఆఖరి సీను మొట్టమొదట తీస్తున్నాం. కొడుకు ఇంటికొచ్చే మొదటి సీన్లు మార్చిలో, స్టూడియోలో.

తల్లి వేషం నా భార్య హెస్టర్‌ది. గుండెజబ్బు మనిషి, చాలా ఏళ్లకు మళ్లీ మొహానికి రంగేసుకుంటోంది. బోర్డు చూసి, ఏమయ్యా నిర్మాతా, పెళ్లాన్ని ముందు ఏడిపించి తర్వాత నవ్విస్తావా, నవ్వే సీన్లు ముందు పెట్టకూడదూ అంది. స్టేషన్ మన మాట వినదు కదా అన్నాను. ఆ, పెళ్లికీ వాన పడని రోజు చూసే ముహూర్తం పెట్టావు, తడిసి ముద్దయ్యాం అంది.

జనవరి 27, ఆదివారం

స్టేషన్లో చలికి టీ కప్పులోనే చల్లారిపోతోంది. హెస్టర్ కోటు లోపల వేడినీళ్ల సంచి పెట్టుకుని నిలబడింది. రైలు కదిలింది. చెయ్యి ఎత్తింది, ఊపలేదు. రైలు వెళ్లిపోయాక గ్లవ్‌తో ముక్కు తుడుచుకుంది. స్క్రిప్టులో అది లేదు. డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు.

నా మొదటి సినిమాలో ఆమెది టీ అమ్మే పిల్ల వేషం. ఒకటే మాట, చక్కెర ఎంత వెయ్యమంటారని. ఆ రోజూ కెమెరా వెనక ఇలాగే నోరు తెరుచుకుని నిలబడ్డాను.

జనవరి 28

నిన్న తీసిన ఫిల్ము కడిగి పంపారు, ఆ రషెస్ చూశాం. చీకట్లో నా చెయ్యి పట్టుకుని, ఇంత ముసలిదాన్నయ్యానని ఒక్కసారీ చెప్పలేదేం అని గొణిగింది.

ఫిబ్రవరి 19

హెస్టర్ పోయింది. పొద్దున్నే, టీ కలుపుతూ.

మార్చి 6

పంపిణీ కంపెనీ పెద్దమనిషి టోపీ తీసి సానుభూతి చెప్పాడు. తర్వాత, ముగింపు ఉండి మొదలు లేని సినిమాని ఏం చేసుకుంటాం గిల్బర్ట్, ఇంకో ఆవిణ్ణి పెట్టి స్టేషన్ కూడా మళ్లీ తీసెయ్ అన్నాడు. ఆయన కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ని. సినిమా ఆగితే వడ్రంగుల దగ్గర్నుంచి క్యాంటీన్ ఆవిడ దాకా అందరూ ఇంటికే.

ఎడిటర్ క్లిఫర్డ్‌ను అడిగాను, స్టేషన్ షాట్ వెనక్కి తిప్పితే రైలు వస్తున్నట్టు ఉండదా, మొదటి సీనుకు సరిపోదా అని. ఆశ అలాంటిది. తిప్పి చూశాను సార్, పొగ మళ్లీ గొట్టంలోకే దూరుతోంది, జనం నవ్వుతారు, అమ్మగారు తెర మీదుండగా నవ్వితే నేను తట్టుకోలేను అన్నాడు.

మార్చి 24, ఆదివారం

రైల్వేవాళ్లు జాలిపడి ఇంకో ఆదివారం ఇచ్చారు. ఆ జాలి జనవరిలో ఉంటే, ముందు నవ్వే సీన్లు తీసేవాణ్ని. హెస్టర్ కోటునే కుట్లు బిగించి కొత్తావిడకు తొడిగారు. పాపం, నా దగ్గరికొచ్చి ఏమనుకోకండి అంది. బాగా చేసింది. చెయ్యి చక్కగా ఊపింది. ఆమె మీద కోపం వచ్చింది.

సెప్టెంబర్ 12

విడుదల. టైటిల్స్‌లో హెస్టర్ పేరు వెయ్యమన్నాను. తెర మీద కనపడని మనిషి పేరెలా వేస్తాం అన్నారు కంపెనీవాళ్లు. జనం బాగా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, వాళ్లు ఏడ్చినచోట కాదు.

సెప్టెంబర్ 13

వెనక్కి తిప్పిన ఆ స్టేషన్ రీలు క్లిఫర్డ్ పారెయ్యలేదు. ప్రొజెక్టర్‌కు ఎక్కించి, టీ తాగొస్తా సార్ అని తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు.

హెస్టర్ ముక్కు తుడుచుకుంది. చెయ్యి ఎత్తింది. పొగ గొట్టంలోకి వెళ్లింది. రైలు వచ్చి ఆగింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు.