అరంగుళం

మార్చి 3
ఆపరేషన్ అయి నాలుగో రోజు. నిన్న డిశ్చార్జ్ చేశారు. రెండేళ్లలో ముప్పై ఆరు కిలోలు తగ్గాను. చర్మం తగ్గలేదు, పొట్ట కింద మడతలు పడి వేలాడేది. ఇప్పుడది లేదు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్లున్నాయి. పక్కల నుంచి రెండు గొట్టాలు, వాటి చివర ప్లాస్టిక్ బుడ్డీలు. వాటిలోకి దిగే నీరు కొలిచి రాయాలి. ఇవాళ 90 ఎం.ఎల్.

నిటారుగా నిలబడలేను. చూసుకోవడానికి వదిన వచ్చింది, మా అన్నయ్య భార్య. ఏ జబ్బూ లేకుండా కోయించుకున్నావు, నీ అంత ఓపిక నాకు లేదమ్మా అంది. అంటూనే తలగడ సర్దింది.

మార్చి 6
60. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా రెండు గంటలకోసారి నడవాలట. వదిన ఫోన్లో అలారం పెట్టుకుంది. మోగగానే, లే మహారాణీ, ఊరేగింపు టైమైంది అంటుంది. హాలు చివరిదాకా వంగి నడుస్తాను.

మార్చి 9
వరుసగా రెండు రోజులు 30 లోపే వచ్చింది. గొట్టాలు తీసేశారు. బెల్టు మాత్రం ఆరు వారాలు వేసుకోవాలి. ఛాతీ కింద నుంచి తొడల దాకా పట్టి ఉంచే సాగుడు బట్ట. వాపు తగ్గి నడుము దగ్గర లూజయింది. వచ్చే వారం చూసి సైజు మారుద్దాం, అప్పటిదాకా ఇదే వేసుకోండి అన్నాడు డాక్టర్.

పందొమ్మిదేళ్లుగా టైలర్ని. లూజు బట్ట ఒంటి మీద ఉంటే నాకు కుదురుండదు. స్నానానికి విప్పినప్పుడు గది గడియ పెట్టుకుని రెండు పక్కలా అరంగుళం లోపలికి పట్టి కుట్టాను. తొడల దాకా.

అద్దంలో నడుము బాగుంది.

మార్చి 11
తొడ దగ్గర కోసుకుపోతోంది. అలవాటవుతుంది.

మార్చి 12
అలారం మోగింది. నిద్ర నటించాను.

మార్చి 14, మధ్యాహ్నం 2
ఎడమ పిక్క పోటు. టేపుతో కొలిచాను. కుడిది పద్నాలుగు అంగుళాలు, ఎడమది పదిహేనున్నర. మళ్లీ కొలిచాను. అంతే. వదినకి చూపించాను. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికెళ్లి టాక్సీ పిలిచింది.

మార్చి 15, ఆస్పత్రి
స్కాన్‌లో రక్తం గడ్డ కనిపించింది. ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదట. రోజుకి రెండు ఇంజెక్షన్లు. బెల్టు విప్పి సంచిలో పెట్టారు.

ఎందుకిలా అయిందని డాక్టర్ అడిగాడు. నేను బెల్టున్న సంచి వైపు చూశాను. అసలు నడిపించారా అని వదిన మీద పడ్డాడు. లేపానండీ, లేవకపోతే పాపం పడుకోనీలే అనుకున్నాను, తప్పు నాదే అంది వదిన.

నా మంచం పక్కనే నిలబడి అంది.

మార్చి 17
వదిన భోజనం మానేసింది. అన్నయ్య ఫోన్ చేశాడు. అవునండీ, అవునండీ అని ఆమె నాలుగుసార్లు అనడం విన్నాను. రేపు అదే బెల్టు మళ్లీ వేసి ఇంటికి పంపుతారట.

మార్చి 18
నర్సు సంచిలోంచి బెల్టు బయటికి తీసింది. ఆగమన్నాను. డాక్టర్ ఎదుటే, బెల్టు బిగించి కుట్టుకున్నదీ, నిద్ర నటించిందీ అంతా చెప్పాను.

వదిన బెల్టు తిరగేసి, కుట్టు పొడవునా వేలు జరిపింది. బాగా కుట్టావు అంది.