పెనం ముందు చప్పట్లు

అక్కా,

నువ్వు చదవవని తెలుసు. అయినా ఈ కోపం నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నిన్న తన పెళ్లిరోజని పెద్దన్న మమ్మల్నందరినీ హైదరాబాద్‌లో ఒక జపాన్ హోటల్‌కు తీసుకుపోయాడు. తెప్పన్యాకి అంటారట. మధ్యలో పెద్ద ఇనుప పెనం, దాని చుట్టూ మనం కూర్చోవాలి. వంటాయన మన కళ్లముందే అట్లకాడలు గిరగిరా తిప్పుతూ, గుడ్లు ఎగరేసి పగలగొడుతూ వండుతాడు. అన్న వీడియో తీసుకున్నాడు, చప్పట్లు కొట్టాడు. "చెయ్యి తిరిగినోడే" అని నాతో అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. బావ పోయాక జనగామ బస్టాండు ముందు నువ్వు దోసెల బండి పెట్టుకుంటే, వారం తిరక్కుండా మూయించింది ఈ అన్నే కదా. "ఆడిది బజార్ల నిలబడి వండుడేంది, నలుగురు చూస్తున్నరు, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆ తర్వాత నువ్వు పోయేదాకా వాళ్లింటి వంటగదిలోనే వండావు.

"అక్క గిట్ల వండితే ఇజ్జత్ పోయింది గదా అన్నా?" అని అందరి ముందే అడిగాను.

"గిప్పుడు గదెందుకే, తిను" అన్నాడు, పెనం మీంచి చూపు తిప్పకుండా. నేను తినలేదు.

నీ పెనం ఇప్పుడు వాళ్లింట్లో నీళ్ల తొట్టికి మూత. ఎల్లుండి పెత్రామాస, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండిపెట్టే రోజు. ఆ మూత తీసి తోమి, అన్న వాకిట్లోనే, బజారుకు ఎదురుగా పొయ్యి పెట్టి, నలుగురూ చూస్తుండగా నీకు దోసె పోస్తాను. అన్నను చప్పట్లు కొట్టమంటాను.