కాలు తీసినా ఆగని కారు

ప్రియమైన బుడ్డోడికి,

షెడ్డు పెట్టి మెకానిక్‌వి అయ్యాక కూడా ఇలా పిలుస్తున్నానని కోప్పడకు. నాన్న కారు బాగానే ఉంది. పొద్దున్నే రెండుసార్లు దగ్గి, మూడోసారి స్టార్టవుతుంది, అచ్చం నాన్నలాగే.

ఒక సాయం కావాలి. రెండు నెలల కిందట మెట్ల మీద జారి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పేశారు కానీ యాక్సిలరేటర్ మీద కాసేపు కాలు పెడితే చాలు, మోకాలి నుంచి ప్రాణం లాగేస్తుంది. నర్సునని నన్ను కాన్పులకు పిలిచే ఇళ్లన్నీ ఆ పొడుగాటి రోడ్డు అవతలే. కాలు తీసినా కారు అదే వేగంతో పోయేలా చేసే పరికరం ఉంటుందట కదా, క్రూయిజ్ కంట్రోల్ అని. మన ముసలి కారుకు అది పెట్టొచ్చా?

మీ బావగారు క్షేమం. ఈ సంగతి ఆయనకు తెలియనివ్వకు. జవాబు మా ఆసుపత్రి చిరునామాకు రాయి, ఇంటికి వద్దు.

నిన్ను మరువని
అక్క

ప్రియమైన అక్కా,

కొత్త కార్లలో అది పుట్టుకతోనే వస్తుంది. మన ముసలాయనకు విడిగా బిగించాలి. సామాను పార్సిల్ చేశాను. మోటారు డబ్బా ఇంజను పక్కన బిగించి, దాని కేబుల్ ఇంజనుకు పెట్రోలు అందించే కార్బరేటర్‌కు తగిలించాలి. ఇకనుంచి నీ కాలి పని ఆ కేబులే చేస్తుంది. వెనక చక్రాలను తిప్పే షాఫ్టుకు అయస్కాంతం కట్టాలి, వేగం ఎంతో డబ్బాకు చెప్పేది అదే. మీట స్టీరింగ్ దగ్గర.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకు దగ్గరి స్విచ్చు. బ్రేకు తొక్కగానే కేబుల్‌ను వదిలేయించేది అదే. దాని వైరు కలపకుండా కారు రోడ్డెక్కించావో, నా మీద ఒట్టే! అక్కడ మంచి మెకానిక్ చేత చేయించు.

ఒక్క మాట అడుగుతాను. జారింది కాలు కదా, అక్షరాలు ఎందుకు వంకర పోతున్నాయి? నీ రాత చూసే కదా నేను అచ్చులు దిద్దుకుంది.

నీ
బుడ్డోడు

ప్రియమైన బుడ్డోడికి,

మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు. అతను మీ బావగారి స్నేహితుడు. ఆసుపత్రి వెనక చెట్ల నీడలో కారు కింద పడుకుని నేనే బిగించాను. అయస్కాంతం కట్టేసరికి మొహం నిండా గ్రీజు. కాన్పుకొచ్చిన ఒకామె నన్ను చూసి నొప్పుల్లో కూడా నవ్వింది.

నీ దగ్గర దాచలేను. మెట్లూ లేవు, జారడమూ లేదు. ఒక కాన్పు కష్టమై ఇంటికి ఆలస్యంగా వెళ్లాను. మీ బావ కారు జాకీ తిప్పే ఇనప కడ్డీతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాడు, అయినా మళ్లీ కొట్టాడు. లేవబోతూ తలుపు పట్టుకుంటే ఆ తలుపే నా కుడిచేతి వేళ్ల మీద వేసేశాడు. అందుకే ఈ రాత. ఫోను ఎప్పుడో గోడకేసి కొట్టాడు.

బ్రేకు స్విచ్చు వైరు ఇంకా కలపలేదు. ఆదివారాలు కారు అతనే నడుపుతాడు. ఆ వైరు కలపకపోతే ఏమవుతుంది, నిజం చెప్పు.

నువ్వు మాత్రం రావద్దు. "నీ తమ్ముడు గడప తొక్కితే శవమై పోతాడు" అన్నాడు.

నీ
అక్క

అక్కా,

నీ ప్రశ్న అర్థమైంది. ఆ వైరు కలుపు. రోడ్డు మీద వాడొక్కడే ఉండడు. ఎదురుగా వచ్చే బండిలో ఎవరి పిల్లలుంటారో! పైగా నీ చేతులతో పురుళ్లు పోశావు, ఆ పాపం నీకెందుకు?

ఆ పని నాకు వదిలెయ్. చేతిలో ఉన్న బండి అప్పజెప్పేసి శనివారానికి అక్కడుంటాను. వాడి ఎముక చప్పుడు నేనూ వినాలి.

నీ
తమ్ముడు

నా బంగారు తండ్రికి,

ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. కంగారు పడకు, అంతా అయిపోయింది. నువ్వు తొందరపడి రావద్దు.

వైరు కలిపాను. గురువారం మధ్యాహ్నం రెండు చీరలు సర్దుకుని బయల్దేరబోతుంటే అతను వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. చేతిలో అదే కడ్డీ. "పోనీ, ఎందాకా పోతావో చూస్తాను" అన్నాడు. పెద్ద రోడ్డు ఎక్కాక వేగం అందుకుని మీట నొక్కి, కాలు తీసేశాను.

కాసేపటికి "ఆపు" అన్నాడు. ఆపలేదు. నా ఒడి మీదుగా కుడి మోకాలి మీద కొట్టాడు. ఇదివరకైతే కాలి మీద ఒక్క దెబ్బ పడితే నా పని అంతటితో ఆగిపోయేది. ఈసారి కారు ఆగలేదు. మళ్లీ కొట్టాడు. అతికిన ఎముక మళ్లీ విరిగింది. గొంతు చించుకుని అరిచాను కానీ స్టీరింగ్ వదల్లేదు. కాలు తీసి ఉందని చూసుకున్నాడు. "ఏం చేశావే దీన్ని? ఆపవే!" అని అతనే కేకలు పెట్టాడు. తాళం కోసం చెయ్యి చాస్తే మణికట్టు దొరకబుచ్చుకుని కొరికాను. నోటి నిండా ఉప్పగా రక్తం. అదే చేత్తో నా తల అద్దానికేసి కొట్టాడు.

లారీల తూకం వేసే చోట జనం కనిపించేదాకా అలాగే పోనిచ్చి, ఎడమ కాలితో బ్రేకు తొక్కాను. లారీ డ్రైవర్లు తలుపు లాగేసరికి కడ్డీ ఇంకా పైకెత్తే ఉంది. అందరూ చూశారు. వాళ్లే పట్టుకుని పోలీసులకు అప్పగించారు. సాక్ష్యం చెప్పడానికి అయిదుగురు పేర్లిచ్చారు.

చేతులూపుకుంటూ, మెల్లగా రా.

నీ
అక్క

ప్రియమైన తమ్ముడికి,

నా ఉత్తరం నీ షెడ్డు తలుపు కింద అలాగే పడి ఉందట. అది చేరేసరికే నువ్వు బయల్దేరిపోయావు. అతన్ని శుక్రవారమే జామీను మీద వదిలారని నాకూ తెలియదు. నీ పేరు కింద జైలు చిరునామా రాయాల్సి వచ్చిందిరా.

అతను ఇక లేచి నడవలేడట. నీ దెబ్బలకు రెండు మోకాళ్లూ నుజ్జయ్యాయి. నిన్న అతని అన్న ఇక్కడికి వచ్చాడు. "నువ్వు కేసు వదులుకో, మీ తమ్ముడి మీద కేసు మేం వదులుకుంటాం" అన్నాడు. ఇంకో షరతు, నేను ఆ ఇంటికి తిరిగి రావాలి. "వాడికి చాకిరీ చెయ్యడానికి మనిషి కావాలి. ఎలాగూ నర్సువే కదమ్మా!" అన్నాడు.

వచ్చే వారం రాజీ కాగితాలు తెస్తాడు. సంతకం పెడతాను. నువ్వు బయటుంటే నాకు అంతే చాలు.

నీ
అక్క

అక్కా,

సంతకం పెట్టకు.

ఆ రోజు ఏం జరిగిందో విను. వాడు వసారాలో టీ తాగుతున్నాడు. "రావోయ్ బావమరిదీ" అన్నాడు. చేతిలో నా పెద్ద పానా ఉంది. మొదటి దెబ్బకే కింద పడ్డాడు. రెండో దెబ్బకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అంతవరకూ నీకోసమే కొట్టాను. తర్వాతవి కాదు. ఎముక విరిగే కొద్దీ ఒళ్లంతా హాయిగా అనిపించింది. ఈ మాట వకీలుకు కూడా చెప్పలేదు. నిన్ను కొట్టేటప్పుడు వాడికీ అలాగే ఉండేదేమో అని తట్టినప్పటి నుంచి అన్నం లోపలికి పోవడం లేదు.

నన్ను రావద్దన్నావు. నేను రాకముందే, విరిగిన కాలితో, నీ అంతట నువ్వే బయటపడ్డావు. నేనొచ్చి నిన్ను మళ్లీ ఆ ఇంట్లోకి నెడుతున్నాను. నా శిక్ష నన్ను పడనీ.

నన్ను చూడ్డానికొచ్చిన పక్క టైర్ల కొట్టాయనకు చెప్పాను, షెడ్డు తాళం నీకిస్తాడు. వెనక గదికి గాలీ వెలుతురూ బాగా వస్తాయి.

వాడి అన్న వస్తే "మా తమ్ముడు ఒప్పుకోలేదు" అని చెప్పు. వద్దు, అలా చెప్పకు.

"నేను ఒప్పుకోను" అని చెప్పు.

నీ
తమ్ముడు