మీ అన్నయ్య వంగమడి

చిరంజీవి నగరేశ్వరరావుకు,

వదిన ఆశీస్సులు. ఫోనులో అయితే మీ అన్నయ్య వింటారు కనుక ఉత్తరం రాస్తున్నాను.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కుడిచేతిని కండువా కిందే దాచుకుంటున్నారు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు చెయ్యరు. అందుకే పెరట్లో వంగమడి వేయించి, కలుపు తీసే పని ఆయనకు అప్పగించాను. అదీ ఎడమచేత్తోనే కానిచ్చేవారు.

మొన్న నువ్వొచ్చి, అన్నయ్యకు శ్రమ ఎందుకని, ఆయన నిద్ర లేచేలోగా కలుపంతా పీకేశావు. దానితో పాటు లేత వంగమొక్కలూ పీకేశావు. చీపురుపల్లి కొట్లో కూర్చునేవాడివి, కలుపేదో మొక్కేదో నీకెలా తెలుస్తుంది?

నువ్వు బస్సెక్కాక ఆయన చూశారు.

"ఎవడే నా మడిలో సెయ్యెట్టినోడు? మొక్కేటో గడ్డేటో తెలీదేటి ఆడికి? ఇదిగో సూడు, ఇక్కడ! ఇక్కడా!" అని అరిచారు.

చూపించింది కుడిచేత్తో. కండువా ఎప్పుడో మట్టిలో పడిపోయింది. ఆయన గమనించలేదు. వాడిన మొక్కలు నేను నాటబోతే నన్ను పక్కకు తప్పించి, వణికే ఆ వేళ్ళతోనే తాను నాటారు.

నువ్వు చేసింది తప్పే. అయినా వచ్చే ఆదివారం రా. మడిలో చెయ్యి పెట్టకు. పెడితే మాత్రం, ఆయన చూస్తుండగా పెట్టు.

మీ వదిన
అరసవల్లి