బండల చప్పుడులో కలిసిపోయిన చప్పుడు

ప్రొద్దుటూరు, మంగళవారం రాత్రి

రేపు ఉదయం మస్తాన్ తన పికప్‌లో కడప బండలు వేసుకుని జమ్మలమడుగు నుంచి పులివెందులకు బయలుదేరతాడు. అందుకే ఆ బండి బాగుచేసిన మెకానిక్‌గా నా సందేహాన్ని ఈ రాత్రే రాసుకుంటున్నాను.

బరువు బాగా లాగాలని అతను బెంగళూరులో ఎవరిచేతనో ఇంజిన్ పవర్ పెంచించాడు. అప్పటి నుంచి ఎత్తు ఎక్కేటప్పుడల్లా లోపల చిన్న సుత్తితో కొట్టినట్లు టకటకమంటోంది. నిలబెట్టి కట్టిన బండలు ఒకదానికొకటి తగిలినా అదే చప్పుడు కనుక, ఇన్ని నెలలూ అతను దాన్ని పట్టించుకోలేదు.

ఈ రోజు, అక్కడ వాళ్ళు మార్చిన డీజిల్ పడే సమయాన్నీ, టర్బో ఒత్తిడినీ మళ్ళీ కంపెనీ స్థాయికే తెచ్చాను. ఖాళీ బండి చప్పుడు లేకుండా నడిచింది. అది చాలదనిపించి, బండలు ఎక్కించి, అవి ఒకదానికొకటి తగలకుండా సందుల్లో వరిగడ్డి కుక్కించి, ఎత్తు మీదికి తీసుకెళ్ళాను. మలుపు దగ్గర ఆ టకటక ఒక్కసారి, సన్నగా వినబడింది.

"ఇన్నావా మస్తానూ?"

"అది బండల చప్పుడే మామా! నీకు నిద్దర్లో గూడా ఇంజినే కొట్టుకుంటాంటాది."

"ఒక్క దినం ఆగప్పా, విప్పి చూస్తా."

"ఆగితే బాడుగ ఇంకొకనికి పోతాది. ఆడ ఇల్లు కట్టేటోళ్లు కాసుకోనుండారు."

సగం లోడే వేసుకొమ్మన్నాను. తలూపాడు, కానీ వేసుకుంటాడన్న నమ్మకం లేదు. పిస్టన్ ఇప్పటికే చిట్లి ఉంటే, ఎత్తు మధ్యలో ఇంజిన్ ఆగి, బ్రేకు పట్టు తగ్గి, అంత బరువుతో బండి వెనక్కి జారవచ్చు.

ఫ్యాన్ ఆపి పడుకున్నా ఆ చప్పుడు చెవిలోంచి పోవడం లేదు. అది బండదో, పిస్టన్‌దో నాకింకా తెలియదు.